‘ప్రతిదీప్తి’లోని ‘ప్రతి’

సందేహం: క్వినైన్ గురించిన ఒక సైన్సు వ్యాసంలో ఈ మూడు వాక్యాలు చదివాను. ‘క్వినైన్ ద్రావణం అతినీలలోహిత కాంతిని నీలంగా ప్రతిఫలిస్తుంది.’ ‘స్ఫురదీప్తి వల్ల ద్రావణం మెరుస్తుంది.’ ‘ఉప్పు కలిపితే క్వినైన్ నశించి ఆ వెలుగు పోతుంది.’ ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్), స్ఫురదీప్తి (ఫాస్ఫోరెసెన్స్) ఒకటేనా? ప్రతిబింబంలోని ‘ప్రతి’యే ప్రతిదీప్తిలోనూ ఉంది కనుక ‘ప్రతిఫలిస్తుంది’ అనవచ్చా?

సమాధానం: అనకూడదు. నిజానికి ఆ మూడు వాక్యాలనూ దిద్దాలి.

‘ప్రతి’ అనే ఉపసర్గకు అర్థం ఒక్కటే కాదు. ప్రతిబింబం, ప్రతిధ్వని అన్నప్పుడు వెళ్లిందే తిరిగి వస్తుంది. ప్రత్యుత్తరం అన్నప్పుడు అలా కాదు. అడిగినవారి మాటలు వేరు, బదులిచ్చినవారి మాటలు వేరు. ప్రతిదీప్తిలో ఉన్నది ఈ రెండో ‘ప్రతి’. ఇది తెలియాలంటే క్వినైన్ అణువు ఏం చేస్తుందో చూడాలి.

క్వినైన్ సింకోనా చెట్ల బెరడులో ఉండే చేదు పదార్థం, మలేరియాకు మందు. 1820లో ఫ్రాన్సులో పెల్తియే, కవాంతూ దాన్ని బెరడు నుంచి వేరుచేశారు. ఆ అణువులో క్వినోలిన్ అనే జంట వలయం ఉంది. పలచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించినప్పుడు 350 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత కాంతిని మింగేది ఆ వలయమే. మింగగానే ఎలక్ట్రాను పై శక్తిస్థాయికి ఎక్కుతుంది. మళ్లీ కిందికి దిగేలోపు ఆ శక్తిలో కొంత అణువు కంపనాలకూ, చుట్టూ ఉన్న నీటికీ పోతుంది. మిగిలినదే కాంతిగా బయటపడుతుంది. శక్తి తగ్గింది కనుక తరంగదైర్ఘ్యం పెరుగుతుంది. సుమారు 450 నానోమీటర్ల దగ్గర మన కంటికి నీలంగా కనిపిస్తుంది. అద్దం మీద పడిన కాంతికి ఈ కథేమీ ఉండదు, పడినదే వెనక్కు వస్తుంది. కనుక ‘ప్రతిఫలించు’ ఇక్కడ పొసగదు.

ఈ తికమక తెలుగు రచయితలకే పరిమితం కాదు. 1845లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణాన్ని పరిశీలించినప్పుడు వెలుతురు సోకిన వైపు పలచని పొరలోనే నీలిరంగు కనిపించింది. అది ఉపరితలానికి చెందిన విశేషమనుకొని, గ్రీకులో ఉపరితలాన్ని సూచించే మాట నుంచే దానికి పేరు పెట్టాడు. అసలు కారణం వేరు. ఆ వెలుగును పుట్టించే కిరణాలను మొదటి పొరే దాదాపు మింగేస్తుంది, లోపలికి మిగలవు. మరో శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ ఆ గుట్టు విప్పాడు. సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, క్వినైన్ ద్రావణమున్న గాజుగొట్టాన్ని ఎరుపు వైపు నుంచి జరుపుతూ పోయాడు. చాలామేరకు ఏమీ కాలేదు. ఊదారంగు చివరకు దాదాపు చేరాక గొట్టం వెలిగింది, ఆ చివర దాటి కంటికేమీ కనిపించని చోటికి వెళ్లాక కూడా వెలుగుతూనే ఉంది! 1852లో ప్రచురించిన పరిశోధన పత్రంలో ఆయన మొదట ‘పరావర్తనం’ అనే అర్థం వచ్చే పేరే వాడాడు. అది తనకు నచ్చలేదని అధోజ్ఞాపికలో చెప్పి, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజం పేరు మీద ‘ఫ్లోరెసెన్స్’ అనే మాటను పుట్టించాడు. ఆయన వద్దనుకున్న భావాన్ని మనం ‘ప్రతిఫలిస్తుంది’ అంటూ మళ్లీ తేవడం తగదు.

‘మెరుస్తుంది’ అన్నదీ నాకు సమ్మతం కాదు. మెరవడంలో నున్నని తలం మీది తళుకో, మేఘాల్లోని మెరుపులా ఉండి లేనట్టుండే గుణమో ధ్వనిస్తుంది. తళతళ, మిలమిల, నిగనిగ అన్నీ ఆ కుదురువే. క్వినైన్ కాంతి ద్రవం లోపలే పుడుతుంది, అతినీలలోహిత కాంతి పడినంతసేపూ నిలకడగా ఉంటుంది. దానికి ‘వెలుగు’ అనే క్రియ చక్కగా సరిపోతుంది. శాస్త్రపదమే కావాలనుకుంటే ‘ప్రతిదీప్తినిస్తుంది’ అనండి.

స్ఫురదీప్తి పూర్తిగా వేరు. దీపం ఆర్పాక కూడా కొంతసేపు, ఒక్కోసారి గంటల తరబడి, మిగిలే వెలుగుకు ఆ పేరు రూఢి. క్వినైన్ వెలుగు సుమారు 20 నానోసెకన్ల ప్రమాణంలోనే అణగిపోతుంది (సెకనులో వందకోట్లవ వంతు ఒక నానోసెకను). దీపం ఆర్పిన క్షణమే ద్రావణం చీకటైనట్టు కనిపిస్తుంది. ఇక్కడ సంధి మాట ఒకటి చెప్పాలి. ‘స్ఫురిస్తున్న’ అనే అర్థమిచ్చే ‘స్ఫురత్’ రూపం తీసుకుంటే, త్ కారం ద్ గా మారే జశ్త్వసంధి వల్ల ‘స్ఫురద్దీప్తి’ కావాలి. ‘స్ఫుర’ శబ్దంతో సమాసం చేస్తే ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం నిర్దుష్టమే.

ఇక ఉప్పు. ఇందులో తప్పు భాషది మాత్రమే కాదు, విషయానిది కూడా. ఉప్పులోని క్లోరైడు అయాన్లు ఉత్తేజిత స్థితిలో ఉన్న క్వినైన్‌ను ఢీకొంటాయి. కాంతిగా రావలసిన శక్తి అప్పుడు వేడిగా పోతుంది. క్వినైన్ మాత్రం ద్రావణంలో చెక్కుచెదరకుండా ఉంటుంది. క్లోరైడు ఎంత ఎక్కువైతే వెలుగు అంత తగ్గుతుంది. ఈ లక్షణం ఆధారంగానే క్వినోలిన్ వలయమున్న కృత్రిమ రంజకాలను తయారుచేసి, జీవకణాల్లో క్లోరైడును కొలుస్తున్నారు. క్వినైన్ సల్ఫేటు వెలుగేమో ఇతర పదార్థాల ప్రతిదీప్తిని పోల్చి చూడడానికి ప్రామాణికంగా ఉపయోగపడుతోంది. రక్తంలో ఈ మందు ఎంత ఉందో కూడా ఆ వెలుగుతోనే కొలవవచ్చు. కాబట్టి ‘నశించి’ తీసివేసి, ‘ఉప్పు కలిపితే క్వినైన్ ప్రతిదీప్తి అణగిపోతుంది’ అని రాస్తే భాషా కుదురుతుంది, శాస్త్రమూ కుదురుతుంది.