అల్లుడికి, పాము కుండ మూత విప్పే ముందు

ఒరే అల్లుడూ,

చెన్నై దగ్గర వడనెమ్మేలిలో, పాములు పట్టే ఇరుళుల దగ్గర, కాటు మందు కోసం పాముల విషం తీసే పనికి కుదిరావని అక్క ఫోన్లో చెప్పింది. పాము తోళ్ల వ్యాపారం మూతపడ్డాక 1978లో వాళ్లు పెట్టుకున్న సంఘం అది. వాళ్ల చేతులు చూసి నేర్చుకో. అటవీశాఖ అనుమతి లేకుండా బయట మాత్రం ఒక్క పామునీ ముట్టకు.

నాగుపాము పడగ విప్పి చెబుతుంది, రక్తపింజర కుక్కర్‌లా బుసకొట్టి చెబుతుంది. (దాన్నే మనవాళ్లు కాటుకరేకుల పొడ అనేవాళ్లు. విశాఖలో పనిచేసిన రసెల్ దొర 1796లోనే ఆ పేరు రాసిపెట్టాడు.) కట్లపాము ఏమీ చెప్పదు. పగలు ముద్దలా చుట్టుకుని పడుంటుంది. భయపడాల్సింది దానికే.

తోక పట్టి వేలాడదీయకు, వెన్ను దెబ్బతింటుంది. కొక్కెం కర్ర మీద ఒంటి బరువు ఆననియ్యి. దవడల వెనక వేళ్లు ఆనించు, బిగించకు. విషం పట్టే గ్లాసు మూతికి కట్టిన పొరని అదే కరుస్తుంది. అంచుకి తగిలితే కోర విరుగుతుంది. అందుకే గ్లాసునే పాము దగ్గరికి తీసుకెళ్లాలి, పాము తలని గ్లాసు మీదికి తొయ్యకూడదు.

కొత్తలో ఇంకో రెండు చుక్కలకి ఆశపడి ఒక పింజర విషపు తిత్తిని పిండాను. గ్లాసులో పసుపుపచ్చటి విషం మీద సన్నటి ఎర్ర చార పడింది. మూడోరోజు అది కుండలోనే చచ్చింది. పెద్దాయన తిట్టలేదు, ఆ కుండ నాచేతే కడిగించాడు.

విషం పడగానే పని అయిపోయిందనుకుని చెయ్యి వదులవుతుంది చూడూ, అక్కడే కాటు పడేది, పాము కిందపడేది కూడా. ముందు ఒళ్లు కుండలోకి జారనియ్యి, తల ఆఖర్న వదులు.

వారానికొకసారి చొప్పున నాలుగుసార్లు తీస్తారు, అంతే. తర్వాత పొట్ట కింది పొలుసు కొంచెం కత్తిరించి అడవిలో వదిలేస్తారు, మళ్లీ దొరికితే ఆనవాలుకి. నోరు వాచిన పామైతే ఎవరు కోప్పడినా ఆ వారం దాని జోలికి పోకు.

కాటు పడితే కొయ్యడాలు, బిగించి కట్టడాలు, పసర్లు వద్దు. ఉంగరం తీసేసి, చెయ్యి కదపకుండా నేరుగా ఆస్పత్రికి పో.

కుండలు నీడలో పెట్టు. మూతికి కట్టే గుడ్డ గంజి పెట్టిన కొత్తదైతే గాలి ఆడదు. నా పాత పంచెలు నాలుగు ఉతికి ఉంచాను, మనిషి వస్తే పంపిస్తాను.

మీ మామ