పీకే గురించి రాస్తున్న శైలజకు

అమ్మా శైలజా,

ఫుట్‌బాల్ ఆటగాడిగా, ఆ తర్వాత కోచ్‌గా పేరు తెచ్చుకున్న పీకే బెనర్జీ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. తప్పుల్లేవు. 1936లో జల్పాయిగురిలో పుట్టడం దగ్గర్నుంచి 2020 మార్చిలో కన్నుమూయడం దాకా అన్నీ ఉన్నాయి. కానీ ఎక్కడా బంతి కనపడలేదమ్మా. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్ మీద స్కోరు సమం చేసిన గోల్‌కి ఒక వాక్యం, పద్మశ్రీకి ఒక వాక్యం. రెండూ ఒకటేనా?

ఆట మానేసి కోచ్ అయినవాడి బాధేంటో ముందు ఆలోచించు. మా ఊరి గ్రౌండ్‌లో ఒకాయన పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవారు. ఒకప్పుడు మంచి ఫార్వర్డ్. గీత బయట చేతులు కట్టుకుని నిలబడేవారు. గోల్ ముందుకు బంతి వచ్చిన ప్రతిసారీ ఆయన కుడికాలు దానంతటదే లేచేది. ఓసారి చెప్పు ఎగిరి గీత లోపల పడింది. ఆట ఆగేదాకా ఆయన ఒంటి చెప్పుతోనే నిలబడ్డారు తప్ప లోపల అడుగు పెట్టలేదు. కోచ్ అంటే నాకు ఇప్పటికీ ఆ కాలే గుర్తొస్తుంది.

పీకే విషయంలో కాలు చేయాల్సిన పని నోరు చేసింది. కలకత్తాలో దాన్ని ‘వోకల్ టానిక్’ అనేవారు. మ్యాచ్‌కి ముందు ఆయన మాట్లాడితే కుర్రాళ్లకు పూనకం వచ్చేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో దాటేశావు. కథ ఉన్నదే అక్కడ.

1962 జకార్తాతో మొదలుపెట్టు. ఏషియన్ గేమ్స్ మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. ఫైనల్లో మళ్లీ వాళ్లే. స్టేడియం మొత్తం మనకు ఎదురు. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, అప్పటికే ఒంట్లో క్యాన్సర్. పీకే ఒక గోల్ కొట్టారు, తలకు కుట్లతో దిగిన జర్నైల్ సింగ్ ఇంకొకటి. 2-1, స్వర్ణం. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ పోయారు. డ్రెస్సింగ్ రూంలో కూర్చుని రహీం సాబ్ మాటలు విన్న పీకేయే పదేళ్లకు కలకత్తా క్లబ్ ఈస్ట్ బెంగాల్‌కి కోచ్‌గా వాళ్ల గదిలో నిలబడి చెప్పాడు. మధ్యలో ఏం జరిగిందన్నదే నీ వ్యాసం కావాలి. అలాగని రహీం సాబ్ నోట నీ సొంత డైలాగులు పెట్టకు.

ట్రోఫీల లిస్టు సగానికి సగం కొట్టెయ్. 1975లో కలకత్తా టోర్నీ ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో పీకే ఈస్ట్ బెంగాల్ తన బద్ధ ప్రత్యర్థి మోహన్ బగాన్ మీద గెలిచిన 5-0 ఉంచు. ఎందుకంటే మరుసటి ఏడాదే ఆయన ఆ మోహన్ బగాన్‌కే కోచ్‌గా వెళ్లారు. ఆటగాడిగా మాత్రం మొదట ఆర్యన్‌కి, ఆ తర్వాత ఈస్టర్న్ రైల్వేకి ఆడారు, ఆ రెండు పెద్ద క్లబ్బుల జెర్సీ ఒక్కనాడూ వేసుకోలేదు. దీని దగ్గర కాసేపు ఆగు.

1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీకే మోహన్ బగాన్‌కి, పెలే ఆడిన న్యూయార్క్ క్లబ్ కాస్మోస్‌తో 2-2 డ్రా. మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి మన హైదరాబాద్ ఆటగాడు హబీబ్‌ది. ఆయన్ని అడుగుదామన్నా ఇప్పుడు లేరు, 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పోయారు. డ్రెస్సింగ్ రూంలో పీకే మాటలు విన్నవాళ్లు ఇంకెవరున్నారో వెతుకు. గెలుపుల గురించి అడగొద్దు. ఆయన మాట్లాడుతుంటే మీరు ఎక్కడ కూర్చున్నారు, బూట్లు అప్పటికే వేసుకున్నారా, ఎవరి ముఖం చూశారు అని అడుగు. వాళ్లు ఆలోచించుకునేదాకా ఆగు, నువ్వు మాట అందించకు.

వచ్చే నెల మళ్లీ పంపు. చదవడానికి ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు