పాత ఫైబర్‌గ్లాస్ మోటారు పడవను మొదటిసారి బాగుచేసేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగుతో మాత్రం మొదలుపెట్టకండి. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు, కుళ్లేది దాని లోపల దాగిన చెక్క. చాలా పాత పడవల్లో ఇంజను భారం మోసే వెనుక గోడ, అంటే ట్రాన్సమ్, అడుగున పొడవునా సాగే దూలాలు, నేల అన్నీ ఫైబర్‌గ్లాస్ కప్పిన చెక్కే. ఎప్పుడో బిగించిన ఒక స్క్రూ చుట్టూ సీలెంటు ఎండిపోతే చాలు, నీళ్లు లోపలికి దిగుతాయి. పైకి ఏమీ కనిపించదు.

అందుకే స్క్రూడ్రైవర్ పిడితో అంగుళం అంగుళం తట్టి వినండి. గట్టిగా ఉన్నచోట శబ్దం ఖంగుమంటుంది, చెడినచోట మూగగా వస్తుంది. అనుమానం తీరకపోతే లోపలివైపు నుంచి సన్నటి రంధ్రం వేయండి. పొట్టు పొడిగా, లేత రంగులో రాలితే ఆ చోట చెక్క బాగున్నట్టే. నల్లగా, తడిగా వస్తే ఆ భాగం తెరవాల్సిందే. ట్రాన్సమ్‌తోపాటు దూలాలు కూడా పోయి ఉంటే, మొదటి ప్రయత్నానికి మరో పడవ చూసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం.

మరమ్మతుకు ఎపాక్సీ, అంటే గట్టిపడి బలంగా అతుక్కునే రెజిన్ జిగురు, వాడండి. పాలియెస్టర్ రెజిన్ చవకే కానీ, ఎప్పుడో గట్టిపడిన పాత పొరను అంత బలంగా పట్టుకోదు. పగులు అంచును పొర మందానికి దాదాపు 12 రెట్ల వెడల్పున ఏటవాలుగా అరగదీస్తేనే కొత్త గాజుగుడ్డకు పట్టు దొరుకుతుంది. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం, సరైన మాస్కు లేకుండా దయచేసి సాండర్ ముట్టుకోకండి.

ఇంజనుకు కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్లలో ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసే పరీక్ష, మాత్రం పడవ కొనకముందే చేయించాలి.