స్ట్రోక్ వచ్చింది, టెస్టులన్నీ నార్మల్ అంటున్నారు. ఇంకా ఏ స్కాన్ చేయించాలి?

మీ అన్నయ్యకి 44 ఏళ్లు, బీపీ షుగర్ లేవు, సిగరెట్ మందు అలవాటు లేదు, అయినా స్ట్రోక్ వచ్చింది, కారణం తెలియలేదని పంపేశారు అని రాశారు. మా చెల్లి విషయంలో అచ్చం ఇదే జరిగింది. నేను డాక్టర్ని కాదు, మేం పడ్డది చెబుతాను.

అప్పుడు తనకి 39. పొద్దున్నే పాపకి జడ వేస్తుంటే దువ్వెన జారిపోయింది. తీయబోతే కుడి చెయ్యి లేవలేదు, మాట ముద్దముద్దగా అయిపోయింది. వెంటనే తీసుకెళ్లాం కాబట్టి వారంలో కోలుకుంది. ఎమ్మార్ఐలో మెదడు ఎడమ వైపు చిన్న చిన్న తెల్ల మచ్చలు కనిపించాయి. మెడ డాప్లర్ (రక్తనాళాలకి చేసే అల్ట్రాసౌండ్), గుండె ఎకో, 24 గంటల హోల్టర్ (గుండె లయని రికార్డ్ చేసే మిషన్) అన్నీ నార్మల్. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో సుమారు నాలుగో వంతుకి ఇలాగే కారణం దొరకదని చెప్పి ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్ర) రాసిచ్చారు. సరే అనుకుని ఊరుకున్నాం. ఐదు నెలలకి మళ్లీ వచ్చింది. మళ్లీ మెదడు ఎడమ వైపే.

ఈసారి వేరే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి "మొదటిసారి తీసిన సీటీ యాంజియో సీడీ ఉందా?" అని అడిగారు. అంటే రంగు మందు ఎక్కించి రక్తనాళాలకి తీసే సీటీ స్కాన్. అదృష్టంకొద్దీ బీరువాలో చీరల కింద దొరికింది. మెడలోని కెరోటిడ్ రక్తనాళం పక్కనుంచి కనిపించేలా బొమ్మని తిప్పారు. నాళం రెండుగా చీలే దగ్గర, వెనక గోడ నుంచి లోపలికి, గూట్లో చెక్కలాగా ఒక సన్నటి పొర. దాన్ని కెరోటిడ్ వెబ్ అంటారట. దాని పైన రక్తం సుడి తిరిగి నిలబడుతుంది, గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకి కొట్టుకుపోతుంది అని పెన్నుతో చూపించి చెప్పారు. నాళం పెద్దగా సన్నబడదు కాబట్టి డాప్లర్‌లో ఇది తేలిగ్గా తప్పిపోతుంది. సీటీ రిపోర్టులోనూ "చెప్పుకోదగ్గ బ్లాక్ లేదు" అనే ఉంది. బ్లాక్ లేని మాట నిజమే, కానీ పొర సంగతి ఎవరూ రాయలేదు. ఐదు నెలలుగా జవాబు మా ఇంట్లోనే ఉందని తెలిసినప్పుడు ఏడుపొచ్చింది. స్టెంట్ వేశారు. మూడేళ్లయింది, బాగుంది.

అందుకే ముందు సీడీలు తెచ్చుకోండి, కాగితం రిపోర్టుతో సరిపెట్టుకోకండి. ఎమ్మార్ఐ మచ్చలు ఒకే నాళం వెళ్లే చోటే ఉన్నాయా, రెండు వైపులా ఉన్నాయా అని అడగండి. మాకు దారి చూపింది ఆ ప్రశ్నే. ఒకే వైపైతే ఆ వైపు మెడ నాళాన్ని సీటీ యాంజియోలో మళ్లీ చూడమనండి. రెండు వైపులా ఉంటే గుండె మీద అనుమానం ఎక్కువ. అప్పుడు గొంతులోంచి గొట్టం దింపి చేసే ఎకో, దాంతోపాటు చేతి నరంలోకి బుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి చూసే బబుల్ టెస్ట్ గురించి అడగండి. గుండె పై గదుల మధ్య రంధ్రం ఉంటే బుడగలు ఎడమ వైపుకి దాటడం కనిపిస్తుంది. అయితే ఆ రంధ్రం నలుగురిలో ఒకరికి ఉంటుంది, దొరికినంత మాత్రాన అదే కారణమని కాదు. నిజంగా అదే కారణమనిపిస్తే, 60 లోపు వాళ్లలో మూసేస్తే మళ్లీ స్ట్రోక్ వచ్చే అవకాశం తగ్గుతుందని 2017లో వచ్చిన ట్రయల్స్ చూపించాయి.

హోల్టర్ ఒక్క రోజుదే. చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ ఏళ్ల తరబడి గుండె లయని గమనిస్తుంది. 2014లో వచ్చిన ఒక ట్రయల్‌లో, కారణం తెలియని స్ట్రోక్ వాళ్లకి అది పెడితే ఏడాదిలో 12 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి, లోపల గడ్డలు కట్టే అవకాశమున్న జబ్బు) బయటపడింది, మామూలుగా చూసినవాళ్లలో 2 శాతమే.

కారణం తెలియకుండా "ఎందుకైనా మంచిది" అని రక్తం పలచబడే గట్టి మందులు మాత్రం మొదలుపెట్టించకండి. 2018 నాటి ట్రయల్‌లో అలాంటి మందే అయిన రివరాక్సబాన్, కారణం తెలియని స్ట్రోక్ వాళ్లకి ఆస్పిరిన్ కంటే మేలు చేయలేదు, రక్తస్రావం మాత్రం పెరిగింది.

అన్నయ్యకి సీటీ యాంజియో తీశారా, లేక మెడకి డాప్లర్ ఒక్కటేనా? అది రాయండి. డాప్లర్ ఒక్కటే అయితే, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ వారమే అడగండి.