సంక్రాంతి సెలవులకు సూళ్ళూరుపేట బండెక్కండి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతి సెలవులకు పిల్లల్ని సింగపూర్ తీసుకెళ్దామా, వాయిదాల మీద టికెట్లు ఇస్తున్నారు అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. వద్దనే చెబుతున్నాను. చేతిలో డబ్బుండి సరదాపడితే నేను కాదనేదాన్ని కాదు. అప్పు చేసి పప్పుకూడు తింటే, తిరిగొచ్చాక ఆ వాయిదాలు తీరేదాకా అల్లుడు శనివారాలు కూడా లాప్‌టాప్ ముందే కూర్చోవాలి. ఆ చిరాకంతా చివరికి పిల్లల మీదే పడుతుంది. వాళ్ళకు కావలసింది మీరిద్దరూ తీరిగ్గా దొరకడం. ఖర్చు తగ్గించుకుంటే దక్కేది అదేనమ్మా.

నా మాట విని దగ్గర్లో ఒక చోటు ఎంచుకోండి. ఏటా అక్కడికే వెళ్ళండి. నేనైతే సూళ్ళూరుపేట అంటాను. చెన్నై సెంట్రల్ పక్కనున్న లోకల్ స్టేషన్‌లో బండెక్కితే 80 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. గుమ్మిడిపూండి, ఆరంబాక్కం దాటాక తడ వస్తుంది. షోలింగనల్లూర్‌లో పెరుగుతున్న మీ చిన్నదానికి తెలుగు చదవడం ఇంకా రాదన్నావు. తడ స్టేషన్ బోర్డు మీద రెండే అక్షరాలు, వాటిని కూడబలుక్కోనివ్వు. నువ్వు ముందే చదివి చెప్పేయకు.

సూళ్ళూరుపేటలో దిగి ఆటో మాట్లాడుకుని నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్ళండి. అక్టోబరు నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు) చెరువులో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. తల్లి నోరు తెరిస్తే పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు తింటుంది. చూస్తుంటే మింగేసిందేమో అనిపిస్తుంది! మీ పెద్దాడు ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు, తెలిసినవి చెప్పు, తెలియనివి ఇంటికొచ్చాక కలిసి వెతకండి. వీలుంటే శ్రీహరికోట రోడ్డు మీద పులికాట్ సరస్సు కూడా చూడండి. చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. నీళ్ళు తక్కువగా ఉన్నచోట రాజహంసలు (ఫ్లెమింగోలు) తల కిందికి వంచి బురదలో మేస్తూ ఉంటాయి. ఫ్లెమింగో పండగ జరిగే రోజుల్లో మాత్రం వెళ్ళకండి, జనాన్ని చూడటానికే సరిపోతుంది.

రెండో ఏడు "మళ్ళీ అక్కడికేనా" అని మూతి ముడుచుకుంటారు. అయినా తీసుకెళ్ళు. ఈసారి ముందు నడిచేది వాళ్ళే. పోయినేడు గూళ్ళు ఏ చెట్టు మీద ఉన్నాయో, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో వాళ్ళే చెబుతారు. ఏడాదికో కొత్త ఊరు చూపిస్తే పిల్లలకు ఫోటోలు మిగులుతాయి. ఒకే చోటికి పదేపదే వెళ్తే అది వాళ్ళదవుతుంది. పిల్లలకు అలాంటి చోటు ఒకటి ఉండటం ఎంత ధైర్యమో, బడిలో ఇన్నేళ్ళు పిల్లల మధ్య గడిపిన దాన్ని, నాకు తెలుసు.

ప్రయాణం పనుల్లో వాళ్ళకూ వాటా ఇవ్వు. పులిహోర పొట్లాలు పెద్దాడు కట్టాలి, నీళ్ళ సీసాలు చిన్నది నింపాలి. ఎవరి సంచి వాళ్ళే మోసుకోవాలి.

పెద్దాడికి కళ్ళద్దాలు వచ్చాయన్నావు. ఆరుబయట వెలుతురులో ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపుచూపు తగ్గడం అంత తొందరగా మొదలవదని కంటి డాక్టర్లు చెబుతున్నారు. వచ్చేశాక దాన్ని ఆపే శక్తి ఆ వెలుతురుకు అంతగా లేదట. కాబట్టి చిన్నదాన్ని ఇప్పుడే బయటికి తోలు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. మీ అపార్ట్‌మెంట్ కింద ఆ కాస్త జాగా ఉంది. సాయంత్రం కీబోర్డు క్లాసూ అబాకస్ క్లాసూ రెండూ పెడితే ఆట ఎప్పుడు ఆడతారు? ఒకటి మానిపించు. ఏది మానాలో వాళ్ళనే అడుగు. నిద్ర సంగతీ అంతే. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పదకొండుకు పడుకోబెట్టి పొద్దున ఆరింటికి బడి వ్యాన్ కోసం లేపితే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది?

బొమ్మల్లో సగం మూటగట్టి అటక మీద పెట్టేయ్. కొన్నాళ్ళ తర్వాత ఇవి దించి అవి ఎక్కించు, పాతవే కొత్తగా ఆడుకుంటారు. సెలవుల్లో రెండు రోజులు ఏ కార్యక్రమమూ పెట్టకుండా ఖాళీగా వదిలెయ్. "బోర్ కొడుతోంది" అని నీ కొంగు పట్టుకుని తిరుగుతారు. ఫోన్ మాత్రం చేతికివ్వకు. కాసేపు సణిగాక మంచం కింద దుప్పటితో ఇల్లు కట్టుకుంటారు. ఆ సమయానికి నీ ఫోన్ కూడా పక్క గదిలోనే ఉండాలి సుమా, అల్లుడికీ ఈ మాట చెప్పు.

ఇంకో సంగతి. మీకు దగ్గర్లోనే నీలాంగరై నుంచి బెసెంట్ నగర్ దాకా ఉన్న తీరంలో జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి విద్యార్థులే రాత్రిళ్ళు నడిచి ఆ గుడ్లు కాపాడుతున్నారు. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో పిల్ల తాబేళ్ళను సముద్రంలోకి వదులుతారు, కనుక్కుని తీసుకెళ్ళు.

నేలపట్టుకు కనుమ దాటాకే బయల్దేరండి, పండగ రద్దీలో చిన్నదాన్ని ఎత్తుకుని నిలబడలేవు. మీ పెదనాన్న బైనాక్యులర్స్ బీరువాలో ఉన్నాయి. ఆదివారం పెరంబూర్ వచ్చి పట్టుకెళ్ళు, భోజనం ఇక్కడే.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ