అమ్మ ఏదీ పారేయనివ్వడం లేదు.. భోగికి ఇల్లంతా ఖాళీ చేయించొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్లు. ఏలూరు దగ్గర సొంతింట్లో ఒక్కతే ఉంటుంది. నేను, తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. నాన్నగారు గుండె జబ్బుతో పోయి రెండేళ్లయింది. అప్పటినుంచి అమ్మ ఏదీ బయట పారేయనివ్వడం లేదు. పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి దాస్తుంది. పెరుగు డబ్బాలు, స్వీటు డబ్బాలు, పాత పేపర్లు, నాన్న బట్టలు, ఆయన మందులు అన్నీ అలాగే ఉన్నాయి. రెండో బెడ్‌రూంలో అడుగు పెట్టలేం, ఇప్పుడు హాలు కూడా నిండుతోంది. ఏమన్నా అంటే ఏడుస్తుంది. ఈ భోగికి ఆమెను పిన్ని వాళ్లింటికి పంపి, మనుషుల్ని పెట్టి మొత్తం ఖాళీ చేయించేద్దామని తమ్ముడు అంటున్నాడు. అలా చేయొచ్చా? ఇల్లు సర్దడానికి చిట్కాలు కూడా చెప్పండి. అమ్మ నిద్ర పట్టక తెలిసిన మెడికల్ షాపతను ఇచ్చిన మాత్ర ఏడాదిగా రోజూ వేసుకుంటోంది. బీపీకి నాన్నవి మిగిలితే అవే వాడుతోంది. ఈమధ్య రెండుసార్లు పడింది, పెద్దగా ఏమీ కాలేదు.
– ఓ పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది ఇంటి గురించి. నా చూపు ఆగింది మాత్రం చివర్లో మాటవరసకు రాసినట్టు రాసిన మూడు ముక్కల దగ్గర. షాపతను ఇచ్చిన నిద్రమాత్ర, నాన్నగారి బీపీ మాత్రలు, రెండుసార్లు పడటం. డబ్బాలు, పేపర్లు ఇంకో నెల అక్కడే ఉన్నా కొంపేమీ మునగదు. ఇవి అలా కాదు. అందుకని ముందు వీటి సంగతి చూద్దాం.

నిద్రమాత్ర పేరు రాయలేదు. మన దగ్గర ఇలా చేతికిచ్చేది ఎక్కువగా ఆల్ప్రజోలామ్, లేదంటే ఆ కోవకే చెందిన ఇంకోటి. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని మందులివి, కానీ ‘తెలిసినతను’ కదా, ఇచ్చేస్తాడు. అరవై దాటినవాళ్లకి వీటి ప్రభావం త్వరగా దిగదు, పొద్దున లేచాక కూడా మత్తు, తూలుడు, మతిమరుపు ఉంటాయి. రాత్రిపూట బాత్రూంకి లేచి పడేవాళ్లలో ఈ మాత్రలు వాడేవాళ్లు చాలామందే ఉంటారు. పైగా ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకోవడానికి బుర్ర తేటగా ఉండాలి, ఆ మత్తులో ఉన్న మనిషి ఏం తేల్చుకుంటుంది చెప్పండి. అలాగని ఇది చదివి ఈ రాత్రి నుంచే ఆపించేయకండి. ఏడాదిగా రోజూ వేసుకుంటున్నది ఒక్కసారిగా మానేస్తే అసలు నిద్రే పట్టకపోవడం, వణుకు, గాభరా, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టర్ చూసి, వారాల మీద, ఒక్కోసారి నెలల మీద, కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఇక నాన్నగారి మాత్రలు. ఈ విషయంలో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆ మధ్య ఒక పెద్దాయన వచ్చారు, భార్య పోయి ఎనిమిది నెలలు. మందులేం వాడుతున్నారండీ అంటే సంచిలోంచి బిస్కెట్ల రేకు డబ్బా తీసి నా టేబుల్ మీద బోర్లించారు. అన్నీ సగం స్ట్రిప్పులే, రబ్బరు బ్యాండ్లు వేసినవి. ఐదు మాత్రలు చాలంటే షాపులో కత్తిరించి ఇస్తారు చూడండి, పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది, మనకొచ్చేది ఊరూ పేరూ లేని వెండి రేకు. ఆ కుప్పలో ‘చిన్న తెల్లది’ బీపీ మాత్ర అనుకుని ఆయన రోజూ వేసుకుంటున్నది భార్య షుగర్ మాత్ర. ఆయనకు షుగరే లేదు! చెమటలు పట్టి, కళ్లు తిరిగి, ఏదేదో మాట్లాడుతున్నారని, మతిమరుపు జబ్బేమోనని పిల్లలు నా దగ్గరికి తీసుకొచ్చారు.

మీ నాన్నగారిది గుండె జబ్బు అంటున్నారు. అంటే ఆ డబ్బాలో బీపీవే కాదు, రక్తం గడ్డకట్టకుండా చేసేవి, ఒంట్లో నీరు లాగేసేవి, గుండె వేగం తగ్గించేవి కూడా ఉండి ఉండొచ్చు. నీరు లాగే మాత్రలతో పెద్దవయసులో సోడియం పడిపోవచ్చు, అప్పుడు మనిషి అయోమయంగా తయారవుతారు. లేచి నిలబడగానే బీపీ పడిపోయి తూలిపోయే వాళ్లూ ఉంటారు. ఒకరి కళ్లజోడు ఇంకొకరు పెట్టుకోం, మాత్రలు మాత్రం వేసేసుకుంటాం. చదువుకున్న పిల్లలు, ఇద్దరు ఉన్నారు, ఏడాదిగా తెలిసి ఊరుకున్నారు. తిడుతున్నానని అనుకోకండి, ఉద్యోగాల మధ్య మీ ఇబ్బందీ నాకు తెలుసు. కానీ ఇది ఊరుకునేది కాదు.

సరే, ఇప్పుడు ఇల్లు. మీరు, తమ్ముడు, పిన్నిగారు కూర్చుని ఒక్క విషయం గుర్తుచేసుకోండి. ఆవిడకు ఈ దాచే అలవాటు ఎప్పటినుంచి? ఆ తరంలో హార్లిక్స్ సీసాల్లో పప్పులు పోసుకున్నారు, పాత చీరలతో బొంతలు కుట్టారు, శుభలేఖల వెనక పాలవాడి లెక్క రాసుకున్నారు. అది జబ్బు కాదు, పొదుపు. మా ఇంట్లో కరివేపాకు మొక్క ఇప్పటికీ నూనె డబ్బాలోనే ఉంది. గదిని గదిలా వాడుకోలేకపోతున్నప్పుడు, మంచం మీద పడుకునే చోటు లేనప్పుడు, ఒక్క ఖాళీ కవరు తీసినా మనిషి విలవిల్లాడిపోతున్నప్పుడు మాత్రం హోర్డింగ్ డిజార్డరేమో, అంటే ఏదీ వదులుకోలేక పోగేసుకునే జబ్బేమో అని చూస్తాం (రోడ్డు పక్క హోర్డింగులకీ దీనికీ సంబంధం లేదు లెండి). పూర్వం దీన్ని ఓసీడీలో, అంటే వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు తిరిగితిరిగి వచ్చే జబ్బులో కలిపేసేవారు. 2013లో అమెరికా సైకియాట్రిస్టుల మానసిక జబ్బుల పుస్తకం డీఎస్ఎం-5 వచ్చాక విడి జబ్బుగా లెక్కలోకి వచ్చింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ అలాగే ఉంది. విదేశాల్లో చేసిన సర్వేల్లో నూటికి ఇద్దరు ముగ్గురు తేలారు. బద్ధకమో, పిసినారితనమో అనుకుని సాధించడం వల్ల ఉపయోగం లేదు.

అయితే ఈ జబ్బు మామూలుగా చిన్న వయసులోనే, టీనేజీ ఆ ప్రాంతంలో మొదలై, ఏళ్ల మీద ముదురుతుంది. అటక నిండా ఎప్పుడూ ఆవిడ సామానే, నాన్నగారే ఎప్పటికప్పుడు పాత సామాన్లవాడికి వేసేవారు, ఆయన పోయాక అడ్డు లేకుండా పోయింది అంటారా, అది ఒక దారి. అలా కాదు, మొన్నమొన్నటిదాకా ఇల్లు అద్దంలా పెట్టుకున్న మనిషి ఈ రెండేళ్లలోనే ఇలా మారిందంటే నేను వేరేగా ఆలోచిస్తాను. భర్త పోయిన దిగులు డిప్రెషన్‌లోకి దిగి ఉండొచ్చు. అది కాకపోతే మెదడుకు సంబంధించింది, ముఖ్యంగా ప్రవర్తన మారిపోయే రకం డిమెన్షియా. అడిగిందే అడగడం, పొయ్యి మీద పాలు మర్చిపోవడం, స్నానం మీద శ్రద్ధ పోవడం, ఎప్పుడూ లేంది తీపి మీద ధ్యాస పెరగడం, ఇలాంటివి ఏమైనా గమనించారా? థైరాయిడ్, బీ12, సోడియం, షుగర్ పరీక్షలు ఎలాగూ చేయించాలి, స్కాన్ అవసరమా కాదా అన్నది చూసిన డాక్టర్ చెప్తారు. ఉత్తరం చదివి నేను ఇదీ అని తేల్చలేను, తేల్చకూడదు కూడా.

తమ్ముడి ప్లాన్ వద్దు. అతని బాధ అర్థమైంది, కానీ వద్దు. పనికిరానివి భోగి మంటలో వేయడం మన ఆచారమే, అయితే పనికిరానిదని ఆవిడ అనాలి, మీరు కాదు. పిన్ని ఇంటినుంచి వచ్చి చూసేసరికి ఆయన చొక్కాలతో సహా ఇల్లు బోసిగా ఉంటే ఆవిడకు అది రెండో చావు. అలా ఖాళీ చేసిన ఇళ్లు మళ్లీ నిండిపోవడం నేను చూశాను, ఈసారి పిల్లల్ని లోపలికి రానివ్వరు కూడా. ఇంకో మాట, ప్లాస్టిక్ డబ్బాలు, మాత్రల స్ట్రిప్పులు ఎవరైనా సరే భోగి మంటలో వేయకండి, ఆ పొగ ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఆవిడను అడగకుండానే చేయాల్సింది ఏమీ లేదు, కానీ అడిగి గట్టిగా పట్టుబట్టాల్సినవి ఉన్నాయి. మంచం నుంచి బాత్రూం దాకా దారి, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. గ్యాస్ పొయ్యి చుట్టూ చేయి చాచినంత మేర కాగితం, కవరు ఉండకూడదు. మాత్రల డబ్బా డాక్టర్‌కి చూపించడం. ఇవి తన ప్రాణానికి సంబంధించినవని చెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

మిగతాది నిదానంగానే. రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్క సంచి. బట్టలతో మొదలుపెట్టకండి, ఆయన గుర్తు లేని వాటితో, పాల ప్యాకెట్లతోనో పెరుగు డబ్బాలతోనో మొదలుపెట్టండి. చేతిలోకి ఆవిడే తీసుకోవాలి, ఆవిడే చెప్పాలి. ‘పారేద్దామా?’ అంటే వెంటనే ‘పనికొస్తుంది’ అంటారు, ‘దీన్ని ఎక్కడ పెడదాం?’ అని అడిగి చూడండి, చోటు వెతకాల్సి వచ్చినప్పుడు కొందరు తమంతట తామే వదిలేస్తారు. ఒక్కరోజు నాలుగు కవర్లే పోయినా నొసలు చిట్లించకండి. మేం చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ కూడా ఇంచుమించు ఇదే పని, కాకపోతే పద్ధతిగా, నెలల తరబడి. హోర్డింగ్‌కే అంటూ ప్రత్యేకమైన మందు లేదు. డిప్రెషన్, టెన్షన్ ఉంటే వాటికి మందులు ఇస్తాం, మనసు తేలికైతే చేయి కూడా వదులవుతుంది. యూట్యూబ్ చూసి డిప్రెషన్ మాత్రలు ఇదే మెడికల్ షాపులో అడిగి తెచ్చేరు, ఆ పని మాత్రం చేయకండి.

సైకియాట్రిస్ట్ అంటే ఆవిడ రానంటే నిద్ర కోసం, బీపీ కోసం అని జనరల్ ఫిజీషియన్ దగ్గరికే ముందు తీసుకెళ్లండి, నిజం కూడా అదే కదా. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమనండి. మీరు దూరంలో ఉన్నారు కాబట్టి ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు.

మాత్రల డబ్బా ఇంట్లో పారేయకండి, మొత్తం అలాగే డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి, ఆవిడ ఇన్నాళ్లూ వేసుకున్నవి ఏవో తెలియాలి. చూపించాక పనికిరానివి స్ట్రిప్పుల్లోంచి తీసి, వాడేసిన టీ పొడితోనో మట్టితోనో కలిపి, కవర్లో కట్టి చెత్తలో వేయొచ్చు.

పడినప్పుడు తలకు దెబ్బ తగిలిందా లేదా రాయలేదు. ‘పెద్దగా ఏమీ కాలేదు’ అన్నది ఫోన్లో అమ్మ చెప్పిన మాటా, మీరు చూసిందా? రక్తం పల్చబరిచే మాత్రలు ఆ డబ్బాలోంచి వేసుకుంటున్నారేమోనని నా అనుమానం. అలాంటప్పుడు చిన్న దెబ్బకు కూడా తలలోపల రక్తం మెల్లగా చేరుతూ ఉండొచ్చు, పడిన రెండు మూడు వారాలకు బయటపడే వాళ్లున్నారు. తలనొప్పి పెరుగుతోందన్నా, పగలంతా మగతగా ఉంటోందన్నా, మాట తడబడినా, ఒక పక్క కాలో చెయ్యో బలం తగ్గినట్టున్నా భోగి దాకా చూడొద్దు, వెంటనే సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికి. ఇవేవీ లేకపోయినా ఈ వారాంతంలో మీలో ఒకరు వెళ్లి రండి.