వాన లెక్కల నుండి తిమింగలాల దాకా

ప్రశ్న: మా అబ్బాయి వాతావరణ శాస్త్రంలో పై చదువు చదువుతానంటున్నాడు. ఆ శాఖలో చేరినవారి ఉద్యోగం వాన లెక్కలతో మొదలై వాన లెక్కలతోనే ముగుస్తుందని నా అభిప్రాయం. ప్రభుత్వోద్యోగంలో ఉంటూనే పర్యావరణ పరిరక్షణ వంటి బాధ్యతల దాకా వెళ్ళినవారు ఎవరైనా ఉన్నారా?

జవాబు: ఉన్నారు. నాకు ముందుగా గుర్తుకు వచ్చేది అమెరికాకు చెందిన రాబర్ట్ ఎం. వైట్. 1923లో బోస్టన్‌లో పుట్టిన ఈయన హార్వర్డ్‌లో భూగర్భ శాస్త్రం చదివి, ఎం.ఐ.టి.లో వాతావరణ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. తరువాత వైమానిక దళానికి చెందిన పరిశోధన కేంద్రంలోనూ, ఆపైన ఒక బీమా సంస్థ నెలకొల్పిన పరిశోధన కేంద్రంలోనూ పనిచేశారు. బీమా సంస్థకు గాలివానలతో పనేమిటని ఆశ్చర్యపడనక్కరలేదు. అది వెళ్ళిన మర్నాడు పరిహారం చెల్లించవలసినవారికి దాని రాకను గురించి ఉన్నంత ఆసక్తి మరెవరికి ఉంటుంది? 1963లో అధ్యక్షుడు కెనడీ ఆయనను వాతావరణ బ్యూరో అధిపతిగా నియమించారు.

ఆ బ్యూరో చరిత్రను కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే మీ సందేహానికి సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. 1870లో అమెరికా ప్రభుత్వం వాతావరణ పరిశీలనను సైన్యంలోని సిగ్నల్ విభాగానికి అప్పగించింది, ఎందుకంటే తంతి తీగెలు వారి చేతిలో ఉండేవి. 1891లో దానిని వ్యవసాయ శాఖకు, విమానయానం పెరిగిన తరువాత 1940లో వాణిజ్య శాఖకు మార్చారు. ఆకాశాన్ని గమనించే పని అదే అయినా, ఆ సమాచారం అవసరమైనవారు మారినప్పుడల్లా యజమాని మారాడన్నమాట. 1960ల నాటికి నదుల్లో, పట్టణాల గాలిలో కాలుష్యం పెరిగి, ఆ సమాచారం అవసరమైనవారి జాబితాలోకి పర్యావరణం కూడా వచ్చి చేరింది.

వైట్ పదవిలో ఉండగానే 1965లో వాతావరణ బ్యూరోను, సముద్ర తీరాలను కొలిచే సర్వే సంస్థను కలిపి ఒక కొత్త సంస్థ చేశారు. 1970 అక్టోబరు 3న చేపల పరిశ్రమను చూసే విభాగాన్ని కూడా చేర్చి, జాతీయ సముద్ర, వాతావరణ పాలనా సంస్థను ఏర్పాటు చేశారు. దీనినే ‘నోవా’ అని పిలుస్తున్నారు. ఈ మూడింటికీ వరుసగా ఆయనే అధిపతి. మన భాషలో ‘వాతావరణం’ అనే ఒక్క మాటతోనే ఈ రోజు ఎండనూ, దశాబ్దాల శీతోష్ణస్థితినీ, భూమిని చుట్టిన గాలి పొరనూ చెప్పుకుంటాము. శాస్త్ర గ్రంథాలు రాసేవారికి అది చిక్కే కాని, వైట్ ఉద్యోగ జీవితాన్ని వర్ణించడానికి మాత్రం ఆ మాట ఎంతో అనువైనది.

ప్రశ్న: వాతావరణ శాఖ అధిపతికి చేపల మీద, తిమింగలాల మీద అధికారం ఇవ్వడంలో ఔచిత్యం ఏమిటి? ఆ అధికారం వల్ల ప్రకృతికి నిజంగా మేలు జరిగిందా?

జవాబు: సముద్రం వేడెక్కితే తుపానులు బలపడతాయి, చేపలు చోటు మారతాయి, తీరం కోసుకుపోతే ఓడరేవుకూ, గుడ్లు పెట్టే జీవులకూ నష్టమే. కొలిచేవారు ఒకచోట, నిర్ణయించేవారు మరొకచోట ఉంటే ఆ సంగతులు ఒకదానితో ఒకటి ముడిపడవు. ఔచిత్యం అంతవరకు స్పష్టమే. మేలు జరిగిందా అన్న రెండవ ప్రశ్న మాత్రం అంత తేలికైనది కాదు.

1972లో అమెరికా కాంగ్రెస్ రెండు చట్టాలు చేసింది. ఒకటి తీర ప్రాంతాల నిర్వహణకు సంబంధించినది. రెండవదైన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం కింద తిమింగలాలను, డాల్ఫిన్లను కాపాడే బాధ్యత నోవా మీద పడింది. తూర్పు పసిఫిక్ సముద్రంలో పెద్ద ట్యూనా చేపలు డాల్ఫిన్ల గుంపుల కింద తిరుగుతుంటాయి. చేపల వేటగాళ్ళు ఆ గుంపులను గుర్తుపట్టి చుట్టూ వల దింపేవారు. ట్యూనాతో పాటు డాల్ఫిన్లూ చిక్కుకొని, నీటిపైకి వచ్చి ఊపిరి తీసుకోలేక చనిపోయేవి. అలా ఏటా లక్షల సంఖ్యలో చనిపోతున్న రోజులవి. నోవా ఒక పక్క చేపల పరిశ్రమకు అండగా నిలవాలి, మరో పక్క అదే పరిశ్రమను అదుపు చేయాలి. ఆ సంస్థ ఇచ్చిన అనుమతులు చట్టానికి అనుగుణంగా లేవని 1976లో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఒకే కార్యాలయంలో ఇద్దరు యజమానులకు కొలువు చేయడం ఎంత కష్టమో ఆ తీర్పు చూపుతుంది. వైట్‌ను అభిమానించేవారు కూడా ఈ అధ్యాయాన్ని దాచిపెట్టకూడదని నా ఉద్దేశం.

అదే ఏడాది తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు చేపల వేటను నియంత్రించే చట్టం వచ్చింది. అంతర్జాతీయ తిమింగలాల కమిషన్‌లోనూ వైట్ తమ దేశ ప్రతినిధిగా ఉన్నారు. వాణిజ్య వేటను నిలిపివేయాలని 1972లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సు సూచించినా, ఆ కమిషన్ అందుకు అంగీకరించినది 1982లో మాత్రమే. అప్పటికి ఆయన ప్రభుత్వం నుండి వెళ్ళిపోయి అయిదేళ్ళయింది.

ప్రశ్న: రాజకీయాలు మారుతున్నా అన్నేళ్ళు పదవిలో ఎలా కొనసాగారు?

జవాబు: కెనడీ, జాన్సన్, నిక్సన్, ఫోర్డ్, కార్టర్ అనే అయిదుగురు అధ్యక్షుల కాలంలో, రెండు పార్టీల పాలనలోనూ ఆయన కొనసాగారు. తుపాను హెచ్చరికకు పార్టీ ఉండదు కదా! ఆ తరువాతా ఖాళీగా లేరు: 1979 ఫిబ్రవరిలో జెనీవాలో జరిగిన తొలి ప్రపంచ శీతోష్ణస్థితి సదస్సుకు అధ్యక్షత వహించారు, 1983 నుండి 1995 వరకు అమెరికా జాతీయ ఇంజినీరింగ్ అకాడమీ అధ్యక్షులుగా ఉన్నారు. 2015లో మరణించారు.

ప్రశ్న: మా అబ్బాయికి మీరు ఇంకేమైనా చెబుతారా?

జవాబు: మీ అబ్బాయిని హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీది కొలతల రేఖాచిత్రాన్ని ఒకసారి చూడమనండి. ఆ అగ్నిపర్వతం మీద సుమారు 3,400 మీటర్ల ఎత్తున వాతావరణ బ్యూరో నెలకొల్పిన పరిశీలనశాలలో, 1958 మార్చిలో స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన ఛార్లెస్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టారు. తొలి కొలత పది లక్షల పాళ్ళలో సుమారు 313 పాళ్ళు; ఇప్పుడది 420 దాటింది. ఏటా వసంతంలో పెరిగి, చెట్లు చిగిర్చి ఆ వాయువును పీల్చుకోగానే తగ్గుతూ, మొత్తం మీద పైకే పోయే ఆ గీతలో 1964లో ఒకచోట చిన్న ఖాళీ కనిపిస్తుంది. అప్పట్లో బడ్జెటు తగ్గించినందువల్ల కొన్ని వారాల పాటు కొలతలు నిలిచిపోయాయి. ఆ వారాల గాలిని ఎవరూ తిరిగి తెచ్చి కొలవలేరు. 1974 నుండి నోవా అక్కడ తానుగా కూడా కొలవడం ప్రారంభించింది. నేటికీ ఆ పర్వతం మీద స్క్రిప్స్, నోవా అనే రెండు సంస్థల లెక్కలూ పక్కపక్కనే సాగుతున్నాయి.